నాలుగో భాగం దగ్గర జనం ఎందుకు దిగిపోయారు

నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఆన్‌లైన్‌లో సీరియల్ మొదలుపెట్టి 14 భాగాలు పెట్టావు. మొదటి భాగం 2,100 మంది చదివారు, 14వది 340 మందే. కామెంట్లలో ‘సూపర్ అక్కా’, ‘నెక్స్ట్ పార్ట్ ప్లీజ్’ తప్ప ఇంకేం లేవు, ఒకావిడ మాత్రం తప్పులన్నీ వరసపెట్టి రాస్తే రెండు రోజులు ఏడ్చావు, అది చాలదన్నట్టు ఎవరో నీ మూడు భాగాలు యూట్యూబ్‌లో చదివి ఆడియో పెట్టేసుకున్నారు. ఆపెయ్యాలా, కంటిన్యూ చెయ్యాలా, ఇకమీదట రోజూ పెడితే రీడర్స్ పెరుగుతారా అని అడిగావు. ‘అక్కా’ అన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు.

నేను 2016 నుంచి రాస్తున్నా. నాలుగు సీరియల్స్ పూర్తి చేశా, అన్నిటికన్నా పెద్దది 112 భాగాలు. మొట్టమొదట రాసింది మాత్రం 37వ భాగం దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ ఏడాదికి ఒకరో ఇద్దరో దాని కింద ‘తర్వాత ఏమైంది మేడమ్’ అని అడుగుతుంటారు, ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అప్పు ఇచ్చినవాళ్ళు ఎదురుపడితే తల తిప్పుకున్నట్టు పక్కకి తోసేస్తా.

కాబట్టి సూటిగా చెప్తున్నా. ఆపొద్దు. రోజూ అస్సలు పెట్టొద్దు. 15వ భాగం రెడీగా ఉందన్నావు కదా, దాన్ని కూడా ఇప్పుడే పెట్టకు. ముందు పది భాగాలు రాసి దాచుకో. నేను ఏం చెప్పినా చివరికి ఆ పది భాగాల దగ్గరికే వస్తుంది, ఎందుకో కింద చెప్తా.

ముందు నీ లెక్కలు చూద్దాం. నువ్వు పెట్టిన నంబర్లు ఇవి: మొదటిది 2,100, రెండోది 980, మూడోది 910, నాలుగోది 870, ఐదోది 410, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ 340. నువ్వు మొదటి నంబరునీ చివరి నంబరునీ పక్కపక్కన పెట్టుకుని గుండెలు బాదుకుంటున్నావు. మొదటి భాగానికి వచ్చిన వాళ్ళలో సగం మంది కవర్ పేజీ చూసి, పేరు చూసి, ఏదో చూద్దాంలే అని లోపలికొచ్చి నాలుగు లైన్లు చదివి పోయేవాళ్ళే, సంతలో చీర పట్టుకుని చూసి మడతపెట్టేసి వెళ్ళినట్టు. నా అన్ని సీరియల్స్‌లోనూ అంతే. దానికి ఏడవక్కర్లేదు. రెండు నుంచి నాలుగు దాకా చూడు, 980, 910, 870. అంటే వచ్చినవాళ్ళు ఉన్నారు, నీ కథ వాళ్ళకి నచ్చింది. నాలుగుకీ ఐదుకీ మధ్య ఒక్కసారిగా 460 మంది దిగిపోయారు. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు ఏంటంటే ఐదో భాగం బాలేదేమో అని దాన్ని తిరగరాస్తారు. ఐదో భాగాన్ని వాళ్ళు తెరవనే లేదు కదా తల్లీ, బాలేదని వాళ్ళకెలా తెలుస్తుంది? వాళ్ళు చదివింది నాలుగోది. తప్పు నాలుగో భాగంలో ఉండాలి, లేదా ఆ రెంటి మధ్యలో ఉండాలి.

వెళ్ళి చూశా. రెండు చోట్లా ఉంది.

మధ్యలో 11 రోజులు గ్యాప్. ‘ఇంటర్నల్స్ ఉన్నాయి ఫ్రెండ్స్, సారీ’ అని నువ్వే రాశావు. అంతకుముందు మూడు రోజులకొకటి పెట్టావు, జనానికి అది అలవాటైంది, నాలుగో రోజు చూశారు, ఐదో రోజు చూశారు, ఆ తర్వాత వాళ్ళ బస్సు ప్రయాణంలోకి ఇంకొకరి సీరియల్ వచ్చి కూర్చుంది. పరీక్షలు మానేసి రాయమని అనట్లేదు, పరీక్షలు వస్తాయని నీకు నెల ముందే తెలుసు కదా అంటున్నా. పది భాగాలు చేతిలో ఉంటే పరీక్షలొచ్చినా, ఇంట్లో పెళ్ళొచ్చినా, జ్వరమొచ్చినా నీ రోజున నీ భాగం వెళ్ళిపోతుంది. నేను వారానికి రెండే పెడతా, మంగళవారం, శుక్రవారం, రాత్రి తొమ్మిదికి. మా అబ్బాయికి డెంగ్యూ వచ్చి తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నప్పుడు కూడా రెండు భాగాలు టైముకి వెళ్ళాయి, చదివినవాళ్ళెవరికీ తెలీదు. వాళ్ళకి తెలియక్కర్లేదు కూడా.

ఇక నాలుగో భాగం ముగింపు. నువ్వు రాసింది ఇది:

‘కాలింగ్ బెల్ మోగింది. సుగుణ వెళ్ళి డోర్ ఓపెన్ చేసింది. ఎదురుగా ఉన్న వ్యక్తిని చూసి ఒక్కసారిగా షాక్ అయింది! ఎవరా వ్యక్తి? సుగుణ ఎందుకు షాక్ అయింది? తెలుసుకోవాలంటే నెక్స్ట్ పార్ట్ కోసం వెయిట్ చేయండి...’

ఇదే సీను నేనైతే ఇలా ఆపుతా:

‘బెల్ మోగింది. పాలబ్బాయి అనుకుని గిన్నె పట్టుకునే తలుపు తీసింది సుగుణ. మామయ్య. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాపాడు. చేతిలో సుగుణ తాళాల గుత్తి, పోయిన శనివారం బస్సులో పోయిందనుకున్నది.’

తేడా చూడు. నీ దాంట్లో వచ్చిందెవరో దాచిపెట్టావు, చదివేవాళ్ళకి పట్టుకోడానికి ఏమీ లేదు, ‘ఎవరో ఒకరు వచ్చుంటారులే’ అని ఫోన్ పక్కన పెడతారు. రెండోదాంట్లో ఎవరొచ్చారో చెప్పేశా, చేతిలో ఏముందో కూడా చెప్పేశా, అయినా ఇప్పుడే అసలు ప్రశ్న పుట్టింది. ఆ తాళాలు ఆయన దగ్గరికెలా వచ్చాయి? అంటే శనివారం ఆ బస్సులో ఆయన ఉన్నాడా? దాచిపెట్టడం సస్పెన్స్ కాదు, సగం చూపించడం సస్పెన్స్. ఇంకా నీ ఐదో భాగం తెరిస్తే వచ్చింది కొరియర్ బాయ్ అని తేలింది! అలా ఒకసారి చేస్తే నవ్వుకుంటారు, రెండోసారి నిజంగా పులి వచ్చినా ఎవడూ రాడు.

ప్రతి భాగానికీ ఇలా గుమ్మంలో ఎవడో ఒకడు నిలబడాలని కాదు. ఒక్కోసారి ఒక మాట దగ్గర ఆపినా చాలు, ఒక నిర్ణయం దగ్గర ఆపినా చాలు. నా 112 భాగాల దాంట్లో అందరూ గుర్తుపెట్టుకున్న ముగింపు ఏంటంటే, అత్తగారు కోడలికి రెండో ముద్దకి నెయ్యి వెయ్యలేదు, అంతే.

భాగం మొదట్లో ‘ఇంతకుముందు జరిగింది’ అని పది లైన్లు పెడుతున్నావు, అది తీసెయ్. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచుకునేది, మా ఇంట్లో అలాంటివి ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఒకదాంట్లో మధ్యలో ఒక వారం లేదు, ఆ వారం పత్రిక ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్ళి ఇవ్వలేదట. నేను ఎనిమిదో క్లాసులో అది చదివినప్పుడు ఆ వారం లేదని తెలిసినా ఎక్కడా తడబడలేదు, ఎందుకంటే తర్వాత వారం మొదటి పేరాలోనే ఇంటి ఓనరమ్మ పెరట్లో బట్టలారేస్తూ ‘ఏమమ్మా, మీ ఆయన నిన్న రాత్రి సంచీ సర్దుకుని వెళ్ళాడటగా’ అంటుంది. అంతే, పోయిన వారం మొత్తం ఒక్క మాటలో వచ్చేసింది, పైగా ఓనరమ్మ ఎలాంటి మనిషో కూడా తెలిసిపోయింది. జరిగింది గుర్తుచెయ్యాలంటే కథలో ఎవరో ఒకరి నోటితో చెప్పించు, నువ్వు మైకు పట్టుకుని చెప్పకు.

ఎడిటింగ్ సంగతి. రాసిన రోజే పోస్ట్ చేస్తున్నావు, అది తెలిసిపోతోంది. రాసిన రాత్రి మన కళ్ళకి మన మనసులో ఉన్నది కనిపిస్తుంది కానీ స్క్రీన్ మీద ఉన్నది కనిపించదు. ఇక్కడ మళ్ళీ ఆ పది భాగాలు. ఈరోజు 25వది రాస్తూ, పోస్ట్ చెయ్యాల్సిన 15వది దిద్దుకుంటావు, మధ్యలో నెల గడిచి ఉంటుంది, అది ఎవరో రాసినట్టు కనిపిస్తుంది, అప్పుడు కత్తిరించడానికి చెయ్యొస్తుంది. నేను ఒంగోలు నుంచి అద్దంకి బస్సులో గంట ప్రయాణంలో ఫోన్‌లోనే రాస్తా, రాత్రి వంటయ్యాక పైకి చదువుకుంటూ దిద్దుతా. పైకి చదవడం అంటే గొణుక్కోవడం కాదు, పక్కవాళ్ళకి వినిపించేలా చదవాలి. డైలాగ్ నోరు తిరక్కపోతే ఆ మనిషి అలా మాట్లాడడు అని అర్థం. ‘నేను నిన్ను మనస్ఫూర్తిగా ప్రేమిస్తున్నాను కాబట్టి నీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను’ అని నీ హీరో అన్నాడు, వరంగల్ పిల్లాడు, టైర్ల షాపులో పనిచేస్తాడు, ఒకసారి పైకి చదివి చూడు. ఇంకోటి, అదే పిల్లాడు మూడో భాగంలో ‘వస్తున్న, ఆగు’ అని, ఏడో భాగంలో ‘వస్తున్నానండీ’ అన్నాడు. యాస పెడితే చివరిదాకా నిలబెట్టు, నిలబెట్టలేనంటే మొదటి నుంచీ పెట్టకు.

ఫోన్ కీబోర్డు చేసే తప్పులు వేరే. అది దాని ఇష్టమొచ్చిన పదం వేసేస్తుంది, వాయిస్ టైపింగ్ అయితే మరీ, నేను ‘కళ్ళు చెమర్చాయి’ అంటే ‘కల్లు చేమ వచ్చాయి’ అని పడింది, అది అలాగే పోస్ట్ కూడా అయిపోయింది. ల-ళ, న-ణ, శ-ష-స, ఇవి కంటికి ఆనవు, అందుకే నేను ఎప్పుడూ తప్పు చేసే పదాలు ఒక లిస్టు రాసుకుని సెర్చ్ కొట్టి ఒక్కోటి చూస్తా. ఒక్క పేరా ఫోన్ స్క్రీన్ నిండిపోతే విడగొట్టు. ఇంతకన్నా ఇక్కడ చెప్పేదేం లేదు.

అసలు ఇబ్బంది పెట్టేది ఇవి కాదు, కథలో లెక్కలు తప్పడం. నా రెండో సీరియల్‌లో తొమ్మిదో భాగంలో చనిపోయిన మామగారు 52వ భాగంలో వరండాలో కూర్చుని కాఫీ తాగారు. ‘కాఫీ కోసం పైనుంచి దిగొచ్చారా అక్కా’ అని ఒక కామెంట్, దాని కింద 60 నవ్వు బొమ్మలు. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టా. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, వయసు, ఊరు, ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరికి ఏ విషయం ఎప్పుడు తెలిసింది. ఇందులో అన్నిటికన్నా ఉపయోగపడేది ఆ చివరిదే. ఇంకో పేజీలో క్యాలెండర్, కథలో ఏ భాగం ఏ నెలలో జరుగుతోందో.

ఆ క్యాలెండర్ ఎందుకు పెట్టాల్సొచ్చిందో కూడా చెప్తా. మూడో సీరియల్‌లో వానలో పెళ్ళి సీను ఉంటే బాగుంటుందని జూలై మొదటి వారంలో పెళ్ళి పెట్టేశా. పోస్ట్ చేసిన పది నిమిషాల్లో ‘ఆషాఢంలో ముహూర్తం పెట్టిన పంతులుగారెవరండీ, మా వీధిలోకి రాకుండా చూసుకుంటాం’ అని ఒకరు. చేతిలో దాచుకున్న భాగాలు ఒక్కటీ లేవు అప్పట్లో. కంగారుగా తర్వాత భాగంలో, వాళ్ళది వేర్వేరు మతాలు కాబట్టి రిజిస్టర్ మ్యారేజ్, ముహూర్తంతో పని లేదు అని తిప్పేశా. వెంటనే ఇంకో ఆవిడ, లాయరట, ‘స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 కింద అయితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు, మీ హీరోయిన్ వాళ్ళ నాన్నకి తెలీకుండా ఎలా అయింది’ అంది. తల పట్టుకున్నా. మూడు రోజులు ఏం రాయలేదు. తర్వాత ఆ 30 రోజులే కథ చేశా. నోటీసు బోర్డు మీద పేర్లున్నాయి, ఆ ఆఫీసుకి ఏదో పని మీద వచ్చిన హీరోయిన్ పెద్దనాన్న ఆ బోర్డు పక్కనే నిలబడి పెన్ను అడుక్కుంటున్నాడు. దాని మీద ఎనిమిది భాగాలు నడిచాయి, ఆ సీరియల్‌లో బాగా చదివింది అవే. అయితే ఇది చూసి తప్పు చేసినా కలిసొస్తుందిలే అనుకోకు, నాకు ఒక్కసారే కలిసొచ్చింది, మామగారి కాఫీకి ఏ దారీ దొరకలేదు, ఆ పేరా ఎడిట్ చేసి ఆయన్ని బాబాయిగా మార్చాల్సొచ్చింది.

ఆ లాయరమ్మ మాట తీసింది ఎందుకంటే, నిన్ను ఏడిపించిన ఆవిడ కూడా ఆ రకమే. ఆవిడ కామెంట్ చదివా. 13 తప్పులు రాసింది, అందులో 11 నిజమే. భాషకి కొంచెం చక్కెర తక్కువ, ఒప్పుకుంటా. కానీ ఒక్కటి గమనించు, ఆవిడ 14 భాగాలూ చదివింది, ఆరో భాగంలో ఎర్రచీర, పదో భాగంలో అదే నీలంచీర అయిందని పట్టుకుందంటే నీకన్నా జాగ్రత్తగా చదివింది. ‘సూపర్’ అన్నవాళ్ళలో సగం మంది ‘నాది కూడా చదివి రివ్యూ పెట్టు’ అనే బాపతు, ఐదు స్టార్లకి ఐదు స్టార్లు, పెళ్ళిలో చదివింపుల్లాగా రాసుకుని తిరిగి ఇచ్చుకోవడమే. అలాంటి వాట్సాప్ గ్రూపులుంటే బయటికొచ్చెయ్, పది మందివి చదివి రివ్యూలు రాసే టైములో ఒక భాగం అవుతుంది. ఆవిడకి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు, ‘పోస్ట్ చెయ్యకముందే చూసి చెప్తారా మేడమ్’ అని. నాకు అలా దొరికిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఏడేళ్ళుగా నా ప్రతి భాగం ముందే చూస్తున్నారు, డబ్బు తీసుకోరు, సంక్రాంతికి అరిసెలు పంపితే మాత్రం పాకం ముదిరిందని వాటికీ తప్పులు రాస్తారు. ఇదీ ముందే రాసిపెట్టుకుంటేనే కుదురుతుంది, రాత్రి ఎనిమిదికి పంపి తొమ్మిదికి పోస్ట్ చెయ్యాలంటే ఎవరు చూస్తారు?

కామెంట్లలో ఇంకో రకం, ‘వాళ్ళిద్దర్నీ కలిపెయ్యండి ప్లీజ్’, ‘ఆ శ్రావణిని చంపెయ్యండి’. కథ నీది, వాళ్ళు అడిగినట్టు తిప్పకు. అయితే శ్రావణి మీద అందరికీ కోపం వస్తోందంటే, ఆమె వైపు కథ నువ్వింకా చెప్పలేదేమో చూసుకో. ఏం జరగాలో వాళ్ళు చెప్తే వినకు, ఎక్కడ బోర్ కొట్టిందో చెప్తే మాత్రం తప్పకుండా విను.

యూట్యూబ్ ఆడియో. ఇది దొంగతనమే, మొహమాటం అక్కర్లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం నువ్వు రాసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్టర్ చేయించుకోకపోయినా నీదే, నీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. ముందు నీ భాగాల లింకులు, పోస్ట్ చేసిన తేదీలు, ఆ వీడియో లింకు స్క్రీన్‌షాట్లతో సహా దాచుకో. తర్వాత యూట్యూబ్‌లోనే కాపీరైట్ కంప్లయింట్ ఫారం ఉంటుంది, అది నింపు. వీడియో కింద కామెంట్లలో తిట్టుకుంటూ కూర్చోకు, వ్యూస్ పెరిగేది వాళ్ళకే. నాకు రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ వీడియో పోయింది.

దొంగల కన్నా మనం చూడకుండా సంతకం పెట్టేవి ఎక్కువ ముంచుతాయి. ఎవరైనా యాప్ వాళ్ళో, ఆడియో వాళ్ళో, వెబ్ సిరీస్ అంటూనో అగ్రిమెంట్ పంపితే ఏయే హక్కులు, ఎన్నేళ్ళు, ఎక్కడెక్కడ, ఎంత డబ్బు, ఈ నాలుగూ చదువు. హక్కులు బదిలీ చెయ్యాలంటే రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కేస్తుంది, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్ళు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో’ అని ముందే రాసుకొస్తారు. నేను మొదట పూర్తి చేసిన సీరియల్ ఆడియో హక్కులు అలాంటి కాగితం మీద సంతకం పెట్టి 3,000 రూపాయలకి ఇచ్చేశా, పేరు చెప్పను, ఇప్పుడు నా కథ నేనే చదివి పెట్టుకోడానికి లేదు.

మీ లెక్చరర్ ఎవరో ‘సీరియల్ అంటే సాహిత్యం కాదు’ అన్నారని చివర్లో రాశావు. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రం 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలుగానే మొదలైంది, 1880లో పుస్తకమైంది, మీ లెక్చరర్‌కి ఆ సంగతి చెప్పి ఊరుకో. నీదీ పూర్తయ్యాక పుస్తకం చేద్దువుగాని, అప్పుడు ఈ ముగింపులు, గుర్తుచేసే మాటలు సగం తీసెయ్యాలి, అది వేరే పని, ఇప్పుడు దాని గురించి ఆలోచించకు.

ఇప్పుడు చెయ్యాల్సింది. మీ రీడర్స్‌కి ఒక పోస్ట్ పెట్టు, ఫలానా తేదీ నుంచి ఫలానా రెండు రోజులు, ఇంత టైముకి వస్తుంది అని. ఆ తేదీ ఆరు వారాల తర్వాతది పెట్టు, సారీలు, ఏడుపులు వద్దు. ఆ ఆరు వారాల్లో పది భాగాలు. ఈలోగా నాలుగో భాగం చివర మార్చి మళ్ళీ పెట్టు, కొత్తగా వచ్చేవాళ్ళు దాని మీదుగానే వెళ్ళాలి కదా. కొరియర్ బాయ్‌ని తీసేశావంటే ఐదో భాగం మొదటి పేజీ కూడా మారుతుంది, మర్చిపోకు. తలుపు దగ్గర ఎవర్ని నిలబెట్టాలో నీ ఇష్టం, మామయ్యని మాత్రం పెట్టకు, ఆయన నా నోట్‌బుక్‌లో మనిషి.